బస్తా మోస్తే పని సున్నానా?

(గణపవరంలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



నన్ను పిలిచిన మిత్రులు క్వాంటం సిద్ధాంతం మీద మాట్లాడమన్నారు. 2025ను ఐక్యరాజ్యసమితి క్వాంటం సంవత్సరంగా ప్రకటించింది కదా, గణపవరంలో కూడా ఆ మాట ఒకసారి వినబడాలని వాళ్ళ ముచ్చట. నేనే వద్దన్నాను. ముప్ఫయ్యారేళ్ళు కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. క్వాంటం పాఠంలో ఏ పిల్లవాడూ నన్ను నిలదీయలేదు. అది అర్థం కాకపోయినా పరవాలేదని మా ఇద్దరికీ ముందే ఒప్పందం. నన్ను నిలదీసినవన్నీ బరువు, బలం, పని, గాలి, నీళ్ళు. న్యూటన్ నాటికే తేలిపోయాయనుకునే సంగతులు. ఇవాళ వాటి గురించే చెబుతాను.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆ మాస్టారి పేరు ఆహ్వాన పత్రిక మీద ఉంది. నా నోటికి మాత్రం ఆయన మాస్టారే. ఎనిమిది నుంచి పది దాకా నాకు సైన్సు చెప్పారు. తప్పు జవాబు చెప్పినవాణ్ణి ఆయన తిట్టేవారు కాదు, కూర్చోమనేవారూ కాదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, "ఏం చూసి అన్నావురా అలాగ?" అని అడిగేవారు. వాడు ఏదో చూసే ఉంటాడని ఆయన నమ్మకం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం లెక్క చెయ్యడం కంటే కష్టం. మాలో చాలామందికి అదొక శిక్షలా ఉండేది. అది శిక్ష కాదని తెలియడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఎలా తెలిసిందో చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక జూనియర్ కాలేజీ. ఊరు పేరు వద్దు, తప్పు నాది, ఊరిది కాదు. పని అనే పాఠం చెబుతున్నాను. బలాన్ని, బలం దిశలో జరిగిన స్థానభ్రంశంతో గుణిస్తే పని. బస్తా నెత్తిన పెట్టుకుని చదునైన నేల మీద నడిచేవాడు బస్తా మీద చేసే బలం పైకి, నడక అడ్డంగా. రెంటికీ మధ్య 90 డిగ్రీలు, కాబట్టి పని సున్నా. బోర్డు మీద సున్నా చుట్టి, కింద రెండు గీతలు కొట్టాను. మూడో బెంచీలో ఒక కుర్రాడు లేచాడు. వాళ్ళ నాన్న తాడేపల్లిగూడెం వైపు ఒక రైసు మిల్లులో హమాలీ. "సార్, మా నాన్న పొద్దున్నుంచి రాత్రి దాకా చేసేది సున్నానాండి?" అన్నాడు. క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను. "ఫిజిక్స్‌లో సున్నానే, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ సంవత్సరం మళ్ళీ నన్ను ఏ ప్రశ్నా అడగలేదు.

ఆ రాత్రి నేనే లెక్క వేశాను. నడక సంగతి అలా ఉంచి, బస్తా ఎత్తడం చూద్దాం. అది పుస్తకం ఒప్పుకునే పనే. ధాన్యం బస్తా 75 కిలోలు. నేల మీంచి నెత్తి మీదికి మీటరున్నర. గురుత్వ త్వరణం 9.8. మూడూ గుణిస్తే సుమారు 1100 జౌళ్ళు. రోజుకు 200 బస్తాలు ఎత్తాడనుకుందాం. 2 లక్షల 20 వేల జౌళ్ళు. వినడానికి పెద్ద అంకె. తిండి లెక్కలోకి మారిస్తే 53 కిలో కేలరీలు, అంటే ఒక ఇడ్లీ. చట్నీ కూడా అక్కర్లేదు. రోజంతా 200 బస్తాలు ఎత్తిన మనిషికి భౌతికశాస్త్రం ఒక ఇడ్లీ పెట్టి పంపించేస్తోంది. కుర్రవాడి నాన్న అన్నం తినే గిన్నె ఎంతదో నేను చూడలేదు గానీ, ఆ లెక్క తప్పని చెప్పడానికి గిన్నె చూడక్కర్లేదు.

మరి మిగతా అన్నం ఎక్కడికి పోయింది? ఎత్తడంలో కండరం తిన్నదాంట్లో నాలుగో వంతో అయిదో వంతో మాత్రమే పనిగా మారుతుంది, మిగతాది వేడి. అలా చూసినా నాలుగైదు ఇడ్లీలకు మించదు. ఇంకా చాలా మిగిలింది. అందులో ఒక పెద్ద ఖర్చు మోయడంలో ఉంది. అదే బస్తాను బల్ల మీద పెట్టండి. నెల్లాళ్ళు అలాగే మోస్తుంది, బల్లకు ఆకలి వెయ్యదు. మనిషి రెండు నిమిషాలు కదలకుండా మోస్తే చెమట పట్టేస్తుంది. బల్లకూ మనిషికీ తేడా కండరం లోపల ఉంది. బిగించిన కండరం బిగించిన మరమేకు లాంటిది కాదు. అందులో లెక్కలేనన్ని సన్నటి కొక్కేలు ఉంటాయి. ఒకటి పట్టుకుని లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. బస్తా బయటికి అంగుళం కదలకపోయినా లోపల ఆ లాగుడు ఆగదు. పోటు వచ్చినప్పుడు జనం వంతులవారీగా తాడు పట్టుకున్నట్టు. దీనికి పునాది, కండరం లోపలి తంతువులు ఒకదాని మీద ఒకటి జారతాయన్న సంగతి, 1954లో తేలింది. ఆండ్రూ హక్స్‌లీ, హ్యూ హక్స్‌లీ అనే ఇద్దరు, చుట్టరికం లేని ఇద్దరు హక్స్‌లీలు, వేరువేరు సహచరులతో పనిచేసి ఒకే ఏడు ఒకే మాట చెప్పారు.

కొక్కెం పట్టు వదలాలంటే దానికి ఒక ముడుపు చెల్లించాలి. ఆ ముడుపు పేరు ఏటీపీ, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. దాన్ని కండరంలో కనిపెట్టినవాళ్ళలో ఒకరు మన పక్కవారే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలోంచి పట్టుకున్నారు. అదే 1929లో జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. ఏటీపీ అయిపోతే ఏమవుతుందో కొల్లేరు సరస్సు పక్కన బతికే మనుషులకు నేను చెప్పక్కర్లేదు. చచ్చిన చేప కొన్ని గంటలకు కొయ్యలా బిగుసుకుపోతుంది. ఇచ్చే ముడుపు లేక కొక్కేలన్నీ పట్టిన పట్టు వదలవు. కొనేవాడు వేలితో నొక్కి, బిగువు చూసి తాజాదనం తేలుస్తాడు. వాడు చూసేది ఒక రకంగా సుబ్బారావు గారి లెక్కే.

ఆ కుర్రవాడు తప్పు అనలేదని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. వాళ్ళ నాన్న ఒంట్లో శక్తి ఖర్చయింది, అది నిజం. బస్తాకు ఆ శక్తి చేరలేదు, అదీ నిజం. పుస్తకం బస్తా వైపు నిలబడి మాట్లాడుతోంది, కుర్రవాడు నాన్న వైపు నిలబడి మాట్లాడాడు. "బస్తా మీద జరిగిన పని సున్నా, మీ నాన్న కండరాల్లో జరిగింది సున్నా కాదు" అని నేను ఒక్క వాక్యం అని ఉంటే సరిపోయేది. నా దగ్గర ఆ వాక్యం లేదు. ఆ జవాబులో సగం భీమవరంలో పుట్టిన మనిషి 1929లోనే ఇచ్చి ఉంచారు, నాకు తెలియలేదు. ఫిజిక్స్ వాళ్ళం జీవశాస్త్రం గది గుమ్మం తొక్కకపోవడం వల్ల వచ్చే నష్టాల్లో ఇదొకటి.

ఇక్కడ భాష తంటా కూడా ఉంది. తెలుగు అకాడమీ 1968లో ఏర్పడింది. ఆ తర్వాత మా తరం తెలుగులోనే కాలేజీ ఫిజిక్స్ చదవగలిగింది. అందుకు ఎంత చెప్పినా తక్కువే. పరిభాష కోసం వాళ్ళు కొన్ని మాటలు సంస్కృతంలోంచి తెచ్చారు. త్వరణం, ద్రవ్యరాశి, ఉత్ప్లవనం. ఇవి పిల్లవాడికి కష్టంగా ఉంటాయి గానీ మోసం చెయ్యవు. వాడు అంతకు ముందు వాటిని ఎక్కడా వినలేదు. మోసం చేసేవి తెలిసిన మాటలు. పని, బలం, శక్తి, సామర్థ్యం. మన ఇళ్ళలో బలమన్నా శక్తి అన్నా ఒకటే, "ఒంట్లో బలం లేదు" అన్నా "శక్తి లేదు" అన్నా డాక్టరు రాసే టానిక్కు మారదు. క్లాసులోకి వచ్చేసరికి ఒకటి న్యూటన్లలో, ఒకటి జౌళ్ళలో, ఇంకొకటి వాట్లలో. కాలువ నీటికి వడి ఎక్కువగా ఉందంటాం, వేగం ఎక్కువగా ఉందనీ అంటాం. పుస్తకంలో వడికి దిశ లేదు, వేగానికి ఉంది. ఇంటి మాటను బడి లాక్కుని వేరే అర్థం ఇచ్చినప్పుడు, ఇచ్చామని చెప్పాలి. మనం చెప్పం. నిర్వచనం డిక్టేట్ చేసి ముందుకు పోతాం.

సరే, కొల్లేటికి వద్దాం. మాస్టారు చేసిన ప్రయోగాల్లో నాకు కళ్ళకు కట్టినట్టుండేది చేపల గట్టు మీద చేసింది. తొమ్మిదో తరగతి వాళ్ళం పదిహేను మందిమి. బతికిన కొర్రమీనును నీళ్ళ బకెట్టుతో సహా కాటా మీద పెడితే, చేప బరువు పడుతుందా పడదా? మాలో పన్నెండు మంది పడదన్నాం. నీళ్ళలో తేలేదానికి బరువేమిటి? నీళ్ళలోకి దిగితే మనకే ఒళ్ళు తేలికవుతుంది కదా?

మాస్టారు తప్పని అనలేదు. "ఏం చూసి అన్నార్రా?" అన్నారు. ఒకడు మా ఇంట్లో చూశానండి అన్నాడు. వాళ్ళ ఇంట్లో కాటా ఉంది. నిండు బకెట్టు కాటా మీద పెట్టి, అందులో చేప వేశాడట. ముల్లు కదల్లేదట. మేమంతా గెలిచినట్టు చూశాం. మాస్టారు అక్కడున్నవాళ్ళ దగ్గర గిన్నెకాటా అడిగి, బకెట్టును అంచు దాకా నింపి పెట్టారు. కిలో చేపను మెల్లగా వదిలారు. నీళ్ళు పొర్లి గట్టు మీద పడ్డాయి. ముల్లు నిజంగానే కదల్లేదు. "వాడు అబద్ధం చెప్పలేదర్రా. కింద పడ్డ నీళ్ళు ఎంత?" అన్నారు. అప్పుడు తట్టింది. చేప సాంద్రత దాదాపు నీటిదే. కిలో చేప లోపలికి పోతే కిలో నీళ్ళు బయటికి పోయాయి. రెండోసారి బకెట్టులో మూడొంతులే పోశారు. చేప వేశారు. ముల్లు కిలో ముందుకు పోయింది. చేప ఈదినా, అడుగుకు పోయి పడుకున్నా, ఊరికే మధ్యలో నిలబడినా అంతే. అది ఒక్కసారిగా ఎగిరిపడ్డప్పుడు ముల్లు ఊగి, మళ్ళీ అక్కడికే వచ్చింది.

అంతటితో వదిలేసి ఉంటే మంచి ప్రయోగం అనుకునేవాళ్ళం. మాస్టారు చొక్కా చెయ్యి పైకి మడిచి, చేప తీసేసిన బకెట్టులో మణికట్టు దాకా చెయ్యి ముంచారు. అడుగు తగలలేదు, అంచు తగలలేదు. ముల్లు ముందుకు జరిగింది. చెయ్యి ఆయన భుజానికి వేళ్ళాడుతోంది, కాటా మీద లేదు. అయినా బరువు పెరిగింది! ఒకడు మాస్టారు మాయ చేశారన్నాడు. చెయ్యిని నీరు పైకి నెడుతోంది, ఆర్కిమెడీస్ చెప్పిన ఉత్ప్లవన బలం అదే. నీరు చెయ్యిని పైకి నెడితే చెయ్యి నీటిని కిందికి నెడుతుంది. ఆ నెట్టుడు నీళ్ళ గుండా అడుగుకు, అడుగు నుంచి కాటాకు. చెయ్యి ఎంత నీటిని పక్కకు తోసిందో అంత బరువు. నీళ్ళలో చేప బరువు పోదు, నీళ్ళు దాన్ని మోస్తాయి, నీళ్ళను బకెట్టు మోస్తుంది. ఇంటర్లో ఆర్కిమెడీస్ సూత్రం, న్యూటన్ మూడో నియమం వేరువేరు అధ్యాయాల్లో ఉంటాయి. నాకవి రెండూ ఒకటైపోయింది ఆ గట్టు మీద.

మూడో నియమం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పిల్లలు అడిగే ప్రశ్నల్లో మహారాజు లాంటిది ఇది: చర్యకు సమానంగా, ఎదురుగా ప్రతిచర్య ఉంటే, రెండూ కొట్టేసుకోవాలి కదా, ఇక ఏదైనా ఎలా కదులుతుంది? బండిని ఎద్దు లాగితే బండి ఎద్దును అంతే లాగుతుంది, మరి బండి ఊరు ఎలా చేరుతోంది? పుస్తకం జవాబు: రెండు బలాలూ రెండు వేరు వస్తువుల మీద పనిచేస్తాయి. నిజమే. కానీ ఈ జవాబు విన్న పిల్లవాడి ముఖం చూడండి. వాడు ఊరుకుంటాడు, ఒప్పుకోడు.

కొల్లేట్లో తాటి దోనె నడిపేవాణ్ణి చూపించండి. గెడ నేలకు ఆనించి వెనక్కి తోస్తాడు, దోనె ముందుకు పోతుంది. నేల గెడను ముందుకు తోసింది, గెడ మనిషిని, మనిషి దోనెను. దోనెలో కూర్చుని దోనె అంచునే ఎంత తోసినా అది కదలదు, ఇది ప్రతి పిల్లవాడికీ తెలుసు. కదలాలంటే బయటిదాన్ని తోయాలి. ఇంకొక సంగతి నేను చాలా ఆలస్యంగా గమనించాను. గెడ మెత్తటి బురదలో దిగబడిపోయిందనుకోండి, దోనె ఉన్నచోటే ఉంటుంది. నడిపేవాడికి సత్తువ లేక కాదు. బురద ఎదురివ్వదు, ఎదురివ్వనిదాన్ని గట్టిగా తోయలేం. వేళ్ళాడే దుప్పటిని పిడికిలితో గుద్ది చూడండి, గోడను గుద్దినంత గట్టిగా గుద్దలేరు. బలం తోసేవాడి సొత్తు కాదు, ఇద్దరి మధ్య బేరం. చర్య, ప్రతిచర్య అనే మాటల్లో ముందొకటి, తర్వాత ఒకటి అనే వాసన వస్తుంది, కొంచెం ప్రతీకారం వాసన కూడా. ముందూ వెనకా లేదు, రెండూ ఒకే క్షణంలో. న్యూటన్ 1687లో లాటిన్‌లో రాసిన మాటల్లోనే ఆ ఇబ్బంది ఉంది, మన అనువాదకుల తప్పు కాదు. నేను మాత్రం క్లాసులో "జోడు" అనేవాణ్ణి. పరీక్షలో అలా రాయొద్దని కూడా చెప్పేవాణ్ణి!

ఇంకొకటి. బంతిని నిటారుగా పైకి విసిరాం. చెయ్యి వదిలాక, అది పైకి పోతూ ఉండగా, దాని మీద ఏయే బలాలు ఉన్నాయి? గాలిని వదిలేస్తే ఒక్కటే, కిందికి లాగే బరువు. కానీ ఎక్కడ అడిగినా పిల్లలు రెండు చెబుతారు, విసిరిన చెయ్యి బలం ఒకటి, భూమి బలం ఒకటి. చెయ్యి బలం పైకి పోతూపోతూ అరిగిపోయి, పై కొసన సున్నా అవుతుందట. ఇది మన పిల్లల వెనకబాటుతనం అనుకునేరు. అమెరికాలో జాన్ క్లెమెంట్ 1982లో ఇంజనీరింగ్ విద్యార్థులను ఎగరేసిన నాణెం మీద ఇదే ప్రశ్న అడిగితే ఎక్కువమంది ఇలాగే చెప్పారు. 1992లో హెస్టెనెస్, ఆయన సహచరులు ఇలాంటి ప్రశ్నలన్నీ గుచ్చి ఒక పరీక్ష పత్రం తయారుచేశారు. లెక్కలుండవు, ఉత్త బలం మీద ప్రశ్నలు. అదే బాపతు పత్రాన్ని హార్వర్డులో ఎరిక్ మజూర్ తన క్లాసుకు ఇస్తే, ఒక విద్యార్థి, మీరు చెప్పినట్టు రాయాలా, నేను అనుకునేట్టు రాయాలా అని అడిగిందట. ఆ తర్వాత ఆయన తన బోధన పద్ధతే మార్చుకున్నాడు. ఇంత నిజాయితీ గల ప్రశ్న నా క్లాసులో ఎవరూ అడగలేదు. మన పిల్లలకు జవాబు ముందే తెలుసు, మీరు చెప్పినట్టే రాయాలి.

ఇప్పుడు మాస్టారి ప్రశ్న వేద్దాం. విసిరిన బలం బంతిలో ఉందని పిల్లవాడు ఏం చూసి అన్నాడు? బంతి చెయ్యి వదిలాక కూడా పోతోంది. పట్టుకునేవాడి అరచెయ్యి చురుక్కుమంటోంది. లోపల ఏదో ఉంది. ఈ మాట వాడి ఒక్కడిదే కాదు. పారిస్‌లో 14వ శతాబ్దంలో బురిడాన్ దానికి ఇంపెటస్ అని పేరు పెట్టాడు. మన వైశేషికులు అంతకు ఎంతో ముందే వేగమనే సంస్కారం అన్నారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం మన సంస్కృత పాఠశాలల్లో పిల్లలకు మొదటి తర్క పుస్తకం. అందులో గురుత్వానికి లక్షణం చెబుతూ, మొదటి పతనానికి కారణమైనది అన్నాడు. "మొదటి" అని ఎందుకు చేర్చాడు? ఆ తర్వాతి పతనాన్ని వేగం చూసుకుంటుందని. సంస్కారాలు మూడు అన్నాడు: వేగం, భావన, స్థితిస్థాపకం. భావన అంటే జ్ఞాపకానికి మూలమైన ముద్ర. తోసింది వస్తువులో, చూసింది ఆత్మలో, వంచింది కొమ్మలో నిలిచి ఉంటాయని మూడింటినీ ఒక గాటన కట్టాడు. ఇంటర్ పుస్తకంలో స్థితిస్థాపకత అని చదువుతున్న పిల్లలకు ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరైనా చెబుతున్నారా?

వేదాల్లో అన్నీ ఉన్నాయని చెప్పడానికి ఈ మాట ఎత్తలేదు. అన్నంభట్టు చెప్పింది బంతి విషయంలో సరిపోదు. గురుత్వం మొదటి క్షణంతో ఊరుకోదు, చివరి దాకా లాగుతూనే ఉంటుంది. అందుకే క్షణక్షణానికీ వేగం మారుతుంది. కానీ ఇంతమంది బుద్ధిమంతులు ఒకే చోట ఆగారంటే అక్కడ ఏదో ఉండి తీరాలి. ఉంది. బంతిలో నిలిచి ఉన్నది ఒకటి ఉంది. దాని పేరు బలం కాదు, ద్రవ్యవేగం. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. అరచేతికి తగిలింది అదే. పిల్లవాడి చూపు సరిగ్గానే ఉంది, పేరు తప్పింది. చూపు తప్పన్నామంటే వాడు కళ్ళు మూసుకుని ఫార్ములా పట్టుకుంటాడు. పేరు తప్పన్నామంటే పేరు మార్చుకుంటాడు.

బరువైనది ముందు పడుతుందనే సంగతి గురించి ఎక్కువ చెప్పను. తాటికాయ దబ్బున పడుతుంది, ఎండు తాటాకు ఊగుతూ దిగుతుంది. ఇది చూసి పెరిగిన పిల్లవాడితో రెండూ ఒకేసారి పడతాయంటే పుస్తకం మీదే అనుమానం వస్తుంది. గాలి ఉన్నచోట వాడు చెప్పేదే నిజం. గాలి లేనిచోట ఏమవుతుందో 1971లో అపోలో 15లో వెళ్ళిన డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తి, డేగ ఈక వదిలి చూపించాడు. వీడియో ఫోన్లో దొరుకుతుంది, నిమిషం కూడా పట్టదు.

నీళ్ళ మోటారు ఎంత లోతు నుంచి లాగగలదనే ప్రశ్న డెల్టా పిల్లలు అడగరు, మెట్ట పిల్లలు అడుగుతారు. మనకు నాలుగు బారలు దిగితే నీళ్ళు. తాడేపల్లిగూడెం దాటి మెట్టకెక్కితే కథ వేరు. గట్టు మీది మోటారు ముప్ఫై నాలుగడుగుల లోతు దాటి నీళ్ళు లాగలేదు, అరుగుదల అవీ కలిపితే పాతికడుగులకే మొరాయిస్తుంది. "అయిదు హార్స్‌పవర్ బదులు పది పెడితేనండి?" ఇరవై పెట్టినా అంతే. మోటారు నీటిని లాగదు, గొట్టంలో గాలి తీసేస్తుంది. బయటి గాలి నీటిని నెడుతుంది. ఆ గాలి 10.3 మీటర్ల నీటినో, 76 సెంటీమీటర్ల పాదరసాన్నో మాత్రమే మోయగలదు. పాదరసం ప్రయోగం టొరిచెల్లి కాలం, 1643 నాటిది. ఆ పరిమితి ఉందని బావి పంపులు చేసే పనివాళ్ళకు అంతకు ముందే తెలుసు, గెలీలియో 1638 పుస్తకంలో రాశాడు. మన మెట్ట రైతులకూ తెలుసు. అందుకే మోటారును బావిలోకి దించి పెట్టుకున్నారు, సబ్‌మెర్సిబుల్ వచ్చాక నీళ్ళలోనే ముంచేశారు. టొరిచెల్లి పేరు వాళ్ళకు తెలియకపోతే కొంప మునిగిందేమీ లేదు. వాళ్ళ పిల్లలకు మాత్రం నాన్న మోటారు ఎందుకు దించాడో టొరిచెల్లి పాఠం దగ్గర చెప్పాలి. చెప్పే మాస్టారు ఎంతమంది?

ఇలాంటి సభల్లో మన ప్రాంతపు శాస్త్రవేత్తలను తలచుకోవడం రివాజు. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టి, సన్యాసం పుచ్చుకుని, ఐరోపాలో ఫిజిక్స్ చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుకేంద్రక భౌతికశాస్త్రాన్ని నిలబెట్టిన స్వామి జ్ఞానానంద. 1909లో ఆగిరిపల్లిలో పుట్టి, రామన్ దగ్గర పనిచేసి, బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరైన సూరి భగవంతం. తలచుకున్నాం. చింతలపాటి మూర్తిరాజు గారు ఈ చుట్టుపట్ల ఊరూరా బడి పెట్టించకపోతే నేనిక్కడ నిలబడేవాణ్ణి కాదు, ఈ ఊరి డిగ్రీ కాలేజీకి ఆయన పేరు ఉత్తినే రాలేదు. కానీ పేర్లు చెప్పి పిల్లల్ని భయపెట్టడం నాకిష్టం లేదు. రామన్ గారి గురించి ఒక్కటే చెబుతాను. విశాఖ సముద్రం ఒడ్డున చదువుకున్న ఆయన 1921లో ఓడ మీద తిరిగివస్తూ, సముద్రం నీలంగా ఎందుకుందని అడిగాడు. దానికి జవాబు అప్పటికే ఉంది, ఆకాశం నీడ అని. చెప్పినవాడు రేలీ, సామాన్యుడు కాదు. రామన్ జేబులోంచి నికోల్ పట్టకం తీసి, నీటి మీది ప్రతిబింబాన్ని దాంతో ఆపేసి చూశాడు. నీలం పోలేదు. నీరే కాంతిని చెదరగొడుతోందని తేల్చి, ఆ దారి పట్టుకునే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ దాకా వెళ్ళాడు. జవాబున్న ప్రశ్నను మళ్ళీ అడిగితే మన క్లాసుల్లో టైమ్ వేస్టు అంటారు.

మనం ఇప్పుడు పిల్లలకు బిట్లు నేర్పుతున్నాం. నిమిషానికో బిట్టు. అందులో హమాలీ బిట్టుకు జవాబు సున్నా, ఆప్షన్ నాలుగు. మార్కు పడుతుంది. నేను దీన్ని తిట్టను, ఆ మార్కుతోనే మన పిల్లలు ఇంజనీర్లయ్యారు, అమెరికా వెళ్ళారు, ఈ ఉపన్యాస నిధికి డబ్బు పంపిందీ వాళ్ళే. కానీ ఆ సున్నా దగ్గర నోరు మూసుకున్న నా మూడో బెంచీ కుర్రాడు ఇంటర్ తర్వాత ఫిజిక్స్ తీసుకోలేదు. నా సున్నా వల్లే అని నేననలేను. కాదని కూడా అనలేను.

టీచర్లకు నా విన్నపం ఒకటే. బడిలో మైక్రోస్కోపు లేకపోయినా పరవాలేదు, ఒక గిన్నెకాటా, ఒక స్ప్రింగ్ కాటా, రెండు బకెట్లు కొనండి. పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు సుద్దముక్క కింద పెట్టండి.

పిల్లలకు మాస్టారు పదో తరగతి ఆఖరి రోజున మాకు వదిలి వెళ్ళిన ప్రశ్న ఇచ్చి సెలవు తీసుకుంటాను. రాళ్ళ బరువుతో దోనె చెరువులో తేలుతోంది. రాళ్ళను నీళ్ళలోకి దొర్లించేశారు, అవి అడుగుకు పోయాయి. చెరువు మట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? నేను జవాబు చెప్పను. చెరువు అక్కర్లేదు. సగం బకెట్టు నీళ్ళలో స్టీలు గిన్నె తేల్చి, గిన్నెలో గుప్పెడంత నల్లరాయి పెట్టండి. గిన్నె మునగకూడదు. నీటి మట్టం దగ్గర గీత పెట్టి, రాయి తీసి బకెట్టులో వెయ్యండి. గీత బకెట్టు మీద పెట్టండి, గిన్నె మీద కాదు.